మూడో పోగు

మూడడుగుల నీళ్లలో ఒక మనిషి మునిగి చచ్చిపోయాడు. అతను గోదావరి గట్టున పుట్టినవాడు. పదేళ్లకే పాయను ఈదినవాడు. పేరు పల్లంరాజు. రొయ్య పిల్లను తనిఖీ చేసే సీడ్ ఇన్‌స్పెక్టర్. భీమవరం అవతల ఒక రొయ్యల చెరువులో బోర్లా తేలుతూ దొరికాడు. కాలు జారి పడ్డాడని రిపోర్టు రాశారు.

"ఆ రిపోర్టు రాసిన మహానుభావుణ్ణి ఒకసారి చూడాలి సర్," అన్నాడు ఉదయ్‌భాస్కర్ ఫోటోలు బల్లమీద పడేస్తూ. "మెడ వెనక సూది గుచ్చిన గుర్తు ఇంత స్పష్టంగా ఉంది. ఇది కనిపించనివాడు ఇంటికి దారి ఎలా కనుక్కుంటున్నాడో!"

రాజమండ్రి స్టేషన్ రిటైరింగ్ రూమ్‌లో ఎదురుగా కూర్చున్న చీఫ్ నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో లేరు.

ఆ డిపార్ట్‌మెంట్ ఢిల్లీలో ఉంది. బయట బోర్డు లేదు. ఉదయ్‌భాస్కర్ అందులో పదిహేనేళ్లుగా ఏజెంట్. నాలుగు భాషలు, రెండు బుల్లెట్ గాయాలు, లైటర్‌లో దాచిన కెమెరా. ఎదుటివాడు తనకంటే తెలివైనవాడేమోనని ప్రతి కేసులోనూ ఆశగా చూస్తాడు. ఇప్పటివరకూ నిరాశే మిగిలిందని అతని అభిప్రాయం.

"చావడానికి గంట ముందు పల్లంరాజు ఎస్టీడీ బూత్ నుంచి మన సీక్రెట్ నంబర్‌కి ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్. "ఒకే మాట చెప్పాడు. 'టెస్ట్ అబద్ధం చెబుతోంది.' లైన్ కట్."

"ఏ టెస్ట్?"

"తెల్లమచ్చ వైరస్ తెలుసుగా. అది పట్టిన రొయ్య వారం పది రోజుల్లో చస్తుంది. పిల్లలో ఆ వైరస్ ఉందో లేదో ముందే చెప్పే కిట్ ఒకటి మార్కెట్లోకి వచ్చింది. తయారుచేసింది డాక్టర్ జోగేశ్వరరావు. వెనకున్నది ఒక విదేశీ కంపెనీ. ఇక్కడ వాళ్ల మనిషి హారిసన్. ఆ పేరుతో మూడు దేశాల పాస్‌పోర్టులున్నాయి."

"మూడూ దొంగవే అయ్యుంటాయి."

"రేపు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి భీమవరం దగ్గర సభ. నాలుగు కోట్ల రొయ్య పిల్లను రైతులకు ఉచితంగా పంచుతారు. ముందు అందరి ఎదుటా ఆ కిట్‌తో టెస్ట్ చేసి, క్లీన్ అని చూపిస్తారు. పిల్లలో వైరస్ ఉండి కిట్ అబద్ధం చెబితే ఏమవుతుందో ఆలోచించు. ఒక చెరువు నీళ్లు కాలవలో పడతాయి. కాలవ నీళ్లు పక్క చెరువుకెళ్తాయి. నెల తిరిగేసరికి డెల్టాలో రొయ్య ఉండదు. మన ఎగుమతి మార్కెట్ మొత్తం హారిసన్ యజమానుల చేతికి పోతుంది."

"సభ ఆపేయండి."

"ఏ ఆధారంతో? కిట్‌కి నాలుగు సర్టిఫికెట్లున్నాయి. మన దగ్గరున్నది ఒక శవం, ఒక సీసా." చీఫ్ చిటికెన వేలంత గాజు సీసా ముందుకు తోశాడు. అందులో లేత నారింజ రంగు ద్రవం ఉంది. "కిట్‌లో వాడే మందు. పల్లంరాజు సాక్సులో దాచుకున్నాడు. నువ్వు ఇద్దరిని కలవాలి. ఇంద్రజ, హారిసన్ సెక్రటరీ. ఏడాదిగా మన మనిషి. రెండోది రత్నమాణిక్యం, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్. ఈ మందు అసలు ఆవిడే కనిపెట్టిందంటారు."

"అంటారంటే? ఎవరంటారు?"

"ఆవిడ ఒక్కతే అంటుంది."

ఉదయ్‌భాస్కర్ పెదవి విరిచాడు. అలాంటి ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు.

* * *

గోదావరి కనిపించే హోటల్ ఏసీ హాల్లో, కిటికీ పక్క టేబుల్ దగ్గర ఇంద్రజ ఒంటరిగా కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు చీర. చెవులకు చిన్న పచ్చలు. హాల్లో ఉన్న మగవాళ్లందరూ మెనూ కార్డులు తిరగేసి పట్టుకున్నారు.

"పూతరేకులు నేతివేనా అండి?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"ఆత్రేయపురంలో ఆ మాట అడిగితే కొడతారండి," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. అతను కూర్చున్నాడు. ఆమె నవ్వింది. పదిహేనేళ్ల ట్రైనింగ్ ఒక్క క్షణం సెలవు పెట్టింది.

"పిల్లనంతా పెద్దాపురంలో ఒక గోడౌన్‌లో ట్యాంకులు కట్టి పెంచుతున్నారు," అంది గొంతు తగ్గించి. "రేపు పదకొండింటికి లారీలకెక్కిస్తారు. హారిసన్ స్వయంగా వస్తాడు. అక్కడే పట్టుకోండి. సభ దాకా రానివ్వకండి."

"గోడౌన్ అడ్రస్?"

ఆమె కాగితం ముక్క జరిపింది. "ఇంకొకటండి. రత్నమాణిక్యమని ఒకావిడ ఉంది. ఆవిడ కోసం టైమ్ వేస్ట్ చేసుకోకండి. మనిషికి కాస్త..." అంటూ కణత దగ్గర వేలు తిప్పింది.

ఉదయ్‌భాస్కర్ కూడా అదే అనుకున్నాడు. కానీ చీఫ్ చెప్పాడు కాబట్టి ఫైల్లో టిక్కు పెట్టుకోవడానికైనా వెళ్లాలి.

* * *

సందు చివర డాబా ఇల్లు. మేడమీద రేకుల షెడ్డు. తలుపు తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. నేత చీర, దారంతో కట్టుకున్న కళ్లద్దాలు, వేళ్ల కొసల్లో పోని మరకలు.

"ఎవరండి?"

"సైన్స్ మ్యాగజైన్ నుంచండి. మీ రీసెర్చ్ గురించి రాద్దామని..."

"నావి ఏం చదివారు?"

ఉదయ్‌భాస్కర్ దగ్గర నాలుగు భాషలున్నాయి. ఒక్కదాంట్లోనూ జవాబు దొరకలేదు.

"లోపలికి రండి," అంది రత్నమాణిక్యం. "ఈ మధ్య అబద్ధాలు చెప్పడానికైనా ఎవరూ రావట్లేదు."

షెడ్డులో ఒక బల్ల, ఒక పాత మైక్రోస్కోపు, వరసగా గాజు సీసాలు. అతను నిజం చెప్పి సీసా బల్లమీద పెట్టాడు. పల్లంరాజు పేరు వినగానే ఆమె చేతిలో పిపెట్ ఆగింది.

"కిందటి నెల వచ్చాడు. మంచివాడు. ప్రశ్నలు అడగడం తెలిసినవాడు," అంది మెల్లగా. తర్వాత గొంతు మారింది. "మీరు గూఢచారా? ఆ చొక్కా, ఆ సెంటు చూసి ఇన్సూరెన్స్ ఏజెంటేమో అనుకున్నా."

"ఈ మందు మీదేనంటారు. అసలు మీరు చేసిన పనేంటండి?"

"ముప్పై ఏళ్లు లోహపు అణువుల్ని డీఎన్ఏ దగ్గర కుదురుగా కూర్చోబెట్టాను."

"ముప్పై ఏళ్లూనా?"

"అవి మీలాగా చెప్పగానే కూర్చోవండి."

అప్పటికే స్టూలు మీద కూర్చున్న ఉదయ్‌భాస్కర్ కాళ్లు సర్దుకున్నాడు.

"వినండి. ఒక్కసారే చెప్తాను," అందామె. "లోహానికి పట్టుకునే చేతులిస్తే, గిన్నెలో అవే వెతుక్కుని జతపడతాయి. ఎవరూ కట్టక్కర్లేదు. ఏ లోహానికి ఎలాంటి చేతులివ్వాలో తెలుసుకోవడానికే నా జీతం రోజులన్నీ పోయాయి. ఇక డీఎన్ఏ. రెండు పోగులు పేనిన తాడు. ఎక్కడైనా మూడు పోగులు కలిస్తే మధ్యలో చిన్న ఖాళీ వస్తుంది. సరిగ్గా ఆ ఖాళీలో పట్టేలా రుథేనియంతో ఒక అణువు తయారుచేశా. రెండు పోగులు నేను వేస్తాను. మూడో పోగు తెల్లమచ్చ వైరస్‌దైతేనే మూడూ కలుస్తాయి. నా అణువు వెళ్లి మధ్యలో కూర్చుంటుంది. ఊరికే నీళ్లలో ఉంటే చీకటి. అక్కడ కూర్చుంటే, నీలం దీపం కింద నారింజ రంగులో వెలుగుతుంది."

"అంటే వెలిగితే జబ్బు. చీకటైతే క్లీన్."

"పర్లేదే."

"మరి జోగేశ్వరరావు గారు..."

"మా కాలేజీలో హెడ్డు. పదకొండు పేపర్లు అచ్చయ్యాయి. పదకొండింటిలోనూ మొదటి పేరు ఆయనదే. ఆ మనిషి ఒక్క బీకరు కడిగి ఎరగడు. రుథేనియం స్పెల్లింగు కూడా చీటీ మీద నేనే రాసిచ్చేదాన్ని." ఆమె గొంతులో కోపం లేదు. కోపం సమానులమీద వస్తుంది. అది పాత చెప్పు గురించి మాట్లాడే గొంతు.

మాట్లాడుతూనే సీసాలోంచి ఒక చుక్క తీసి తెల్ల పలకమీద వేసింది. ఇంకో సీసా మూత తీయగానే అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలింది. రెండో చుక్క పడింది.

లేత నారింజ చుక్క ముదురు నీలంగా మారింది.

రత్నమాణిక్యం పలకను కంటికి దగ్గరగా తెచ్చుకుంది.

"కాపర్," అంది. "మైలుతుత్తం కలిపారు. చెరువులో నాచు చావడానికి చల్లే సరుకు. పక్కన కాపర్ ఉంటే నా అణువు వెలగదు. వెలుగుని అది మింగేస్తుంది. వైరస్ కోట్లకొద్దీ ఉన్నా చీకటే కనిపిస్తుంది. ఆ చీకటి చూపించి క్లీన్ అంటారు. పల్లంరాజు కనిపెట్టింది ఇదే."

డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌కి పంపితే పదిహేను రోజులు పట్టేది. ఈవిడకి రెండు చుక్కలు సరిపోయాయి.

"మీరు కంగారు పడకండి," అన్నాడు పెద్దరికంగా. "రేపు పొద్దున్నే పెద్దాపురంలో పట్టేస్తాను. నాలుగు కోట్ల పిల్లా అక్కడే ట్యాంకుల్లో ఉంది."

"ఎక్కడా?"

"పెద్దాపురం."

ఆమె కళ్లద్దాలు తీసి అతన్ని చూసింది. "పెద్దాపురం మెట్టండి. రొయ్య పిల్లకి ఉప్పునీళ్లు కావాలి. పిల్ల తీసే హేచరీలన్నీ సముద్రం ఒడ్డునుంటాయి. నాలుగు కోట్ల పిల్లకి సరిపడా సముద్రాన్ని ఆ ఊరి మరిడమ్మ గుడి దాకా బిందెలతో మోశారా? ఎవరు చెప్పారు మీకు?"

"నమ్మకమైన సోర్స్."

"ఆడమనిషా?"

ఉదయ్‌భాస్కర్ కాలరు సర్దుకున్నాడు.

"బాగుంటుందా?"

ఉదయ్‌భాస్కర్ బల్లమీది సీసాలు లెక్కపెట్టసాగాడు.

"మీ ఆఫీసువాళ్లు మీకు జీతం దేనికిస్తున్నారండి?"

ఉదయ్‌భాస్కర్ చెవులు వేడెక్కాయి. అప్పుడు గాని అతని బుర్ర పనిచెయ్యలేదు. పల్లంరాజు ఫోన్ చేసింది సీక్రెట్ నంబర్‌కి. ఒక సీడ్ ఇన్‌స్పెక్టర్‌కి ఆ నంబర్ ఎలా తెలిసింది? గోదావరి జిల్లాల్లో ఆ నంబర్ ఉన్నది ఒక్క ఇంద్రజ దగ్గరే. పల్లంరాజు ఆమెను నమ్మి అన్నీ చెప్పాడు. ఆమె నంబరిచ్చి నమ్మకం కుదిర్చింది. ఎంత తెలిసిందో కనుక్కుంది. తర్వాత సూది గుచ్చింది. ఏడాదిగా రెండు వైపులా జీతం తీసుకుంటున్న మనిషి.

"రేపు మీరు సభకి రావాలండి," అన్నాడు. ఈసారి గొంతులో పెద్దరికం లేదు. "నేను చెబితే ఎవరూ నమ్మరు."

"నేను చెబితే మాత్రం నమ్ముతారా? ఆ కిట్ గురించి పై ఆఫీసులకి మూడు ఉత్తరాలు రాశా. చెప్పి లాభం లేదు. చూపించాలి."

"అయితే మారువేషం ఏర్పాటు చేస్తాను. హారిసన్ మనుషులు గుర్తుపడితే..."

"నాకెందుకండి? ముప్పై ఏళ్లుగా నన్నెవరూ గుర్తుపట్టలేదు."

* * *

శుక్రవారం పదింటికి ఉదయ్‌భాస్కర్ కారు పెద్దాపురం వైపు వెళ్లింది. అందులో డ్రైవరూ, కిటికీకి ఆనించిన ఒక కోటూ మాత్రమే ఉన్నాయి. ఉదయ్‌భాస్కర్ గడ్డం అతికించుకుని, మెళ్లో కెమెరా వేసుకుని, ప్రెస్ కార్డుతో బస్సులో భీమవరం చేరాడు.

చెరువు గట్టు పక్కన షామియానా. వెయ్యి మంది రైతులు. ఎనిమిది లారీల్లో ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచులు. ఒక్కో సంచిలో వేలకొద్దీ, వెంట్రుకంత పిల్లలు. స్టేజి మీద తెల్ల సూటులో హారిసన్, వచ్చీ రాని తెలుగులో "నమస్కారమ్" అని దణ్ణం పెట్టి, కిందున్న జనాన్ని ఒక చూపు చూశాడు. చేపల బుట్టలోకి చూసే చూపు.

మైకు ముందు జోగేశ్వరరావు నిలబడ్డాడు. పట్టు లాల్చీ, బొటనవేలంత ఉంగరం. "ఈ అణువు కోసం నా యవ్వనమంతా ధారపోశానండి," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. లారీలోంచి తెచ్చిన పిల్లను అందరి ముందూ నూరి, ట్యూబులో వేసి, కిట్ మందు కలిపి, నల్ల పెట్టెలో పెట్టాడు. లోపల నీలం దీపం వెలిగింది. రైతు సంఘం ప్రెసిడెంట్ రామరాజు పెట్టె కంతలోంచి చూశాడు.

"చీకటేనండి. ఏమీ లేదు."

"క్లీన్ సీడ్!" అని జోగేశ్వరరావు చెయ్యెత్తాడు. మళ్లీ చప్పట్లు. హారిసన్ మొదటి సంచితో, చిన్న కత్తెరతో చెరువు మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఫోటోగ్రాఫర్లు ముందుకు తోసుకున్నారు.

ఉదయ్‌భాస్కర్ ఒక అడుగు వేశాడు. పక్కటెముకకి చల్లని ఇనుము తగిలింది.

"గడ్డం వంకరగా అతికించుకున్నారండి," అంది ఇంద్రజ చెవి దగ్గర. హ్యాండ్‌బ్యాగు చాటున సైలెన్సర్ పిస్టల్. "కదలకండి. రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"పల్లంరాజుకి ఎన్ని నిమిషాలు పట్టింది?"

"పాపం, మర్యాదస్తుడండి. నాకు ఎండ తగులుతోందని తన గొడుగిచ్చాడు. అటు తిరిగి గొడుగు విప్పుతుంటే పని అయిపోయింది."

ఉదయ్‌భాస్కర్ జీవితంలో చాలామంది శత్రువుల్ని చూశాడు. ఇంత చౌకబారు మనిషిని చూడలేదు.

వెనకనుంచి ఎవరో ముసలావిడ గుడ్డసంచీతో వచ్చింది. "కాస్త జరుగమ్మా," అంది. ఇంద్రజ విసుగ్గా చూసి, పిస్టల్ చీర కొంగు చాటుకి తిప్పుకుని మరీ దారిచ్చింది. ఆమెకి తెలిసిన ప్రమాదాలు ఆరడుగులుంటాయి, కోటు వేసుకుంటాయి. రత్నమాణిక్యం ఆమెను దాటి స్టేజి ఎక్కింది.

"ఆ ట్యూబు ఇటివ్వండి జోగేశ్వరరావు గారూ."

ఆయన మొహంలో రంగు పోయింది. "ఎవరండీ ఈవిడ? వాలంటీర్లూ!"

"పదకొండు పేపర్లలో మీ పేరు కింద చిన్న అక్షరాలతో ఉన్నదాన్ని. ఇప్పుడు ఎవరో అయ్యానా?" ఆమె రామరాజు వైపు తిరిగింది. "బాబూ, ఆ చెరువు మందుల స్టాల్‌లో ఈడీటీఏ పొడి ఉందా?"

"ఉందండి. ఉప్పు బోరు నీళ్లకి వాడతాం."

"చిటికెడు తెప్పించండి. ఈయన మందులో మైలుతుత్తం ఉంది. అందుకే వెలగట్లేదు. ఈడీటీఏ దాన్ని పట్టుకుని పక్కకి లాగేస్తుంది. అప్పుడు చూద్దాం, పిల్ల క్లీనో కాదో."

పక్కనే ఉన్న స్టాల్ నుంచి పొట్లం చేతులు మారుతూ వచ్చింది. జోగేశ్వరరావు మైకు లాక్కున్నాడు. "మోసం! ఆ పొడి వేస్తే ఏదైనా వెలుగుతుంది!"

"అయితే ముందు మంచినీళ్లతో చేద్దాం," అంది ఆమె తొణక్కుండా. ఖాళీ ట్యూబులో మంచినీళ్లు, కిట్ మందు, తెల్ల పొడి. పెట్టెలో పెట్టింది. "చూడండి రామరాజు గారూ."

"చీకటేనండి."

"ఇప్పుడు రొయ్య పిల్ల ట్యూబు."

పొడి వేసి, బొటనవేలితో మూసి, నాలుగుసార్లు తిరగేసింది. చెరువు మెట్ల మీద హారిసన్‌కి విషయం అర్థమైంది. నవ్వు మానేసి సంచి రబ్బరు బ్యాండు మీద కత్తెర పెట్టాడు.

రామరాజు కంతకి కన్ను ఆనించాడు. ఆనించినవాడు అలాగే ఉండిపోయాడు.

"నిప్పులా ఉందండీ," అన్నాడు. తర్వాత ఆ గొంతు షామియానా అంతా వినిపించింది. "ఆపండ్రా! పిల్లలో తెల్లమచ్చ ఉంది! ఒక్క చుక్క చెరువులో పడనివ్వకండి!"

కత్తెర పడింది. బ్యాండు తెగింది. సంచి మూతి చెరువు వైపు వాలింది. ముందు వరసలో ఉన్న రైతు ఒకడు ఎగిరి దూకి, ఆ మూతిని రెండు చేతులతో పిడికిట్లో బిగించి మెట్ల మీద పడ్డాడు. మోచేతులు చీరుకుపోయాయి. సంచి మాత్రం వదల్లేదు. నీళ్లు రెండో మెట్టు తడిపి ఆగిపోయాయి. కింద ఇంకా మూడు మెట్లున్నాయి. తర్వాత చెరువు.

నిప్పులా ఉందన్న మాటకి ఇంద్రజ తల స్టేజి వైపు తిరిగింది. అర సెకను. ఉదయ్‌భాస్కర్‌కి అది చాలు. మణికట్టు పట్టి పైకి మెలితిప్పాడు. బుల్లెట్ షామియానా గుడ్డని చీల్చింది. పిస్టల్ కింద పడింది. రొయ్యలు వలిచే పాపాయమ్మ అనే ఆవిడ దాన్ని కాలితో బెంచీ కిందికి తన్నేసి, ఇంద్రజ జుట్టు ముడి పట్టుకుంది. "ఎక్కడికే?" అంది. డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో ఆ పట్టు లేదు. ఇంద్రజ కదల్లేకపోయింది.

హారిసన్ గట్టు మీద మూడు వందల మంది మధ్య నిలబడి, మూడు పాస్‌పోర్టుల్లో ఏది తియ్యాలో తేల్చుకునేలోపే చీఫ్ పంపిన పోలీసు జీపులొచ్చాయి.

జోగేశ్వరరావు స్టేజి మీదే కూలబడ్డాడు. "నాకేం తెలియదండి," అన్నాడు ఏడుస్తూ. "మందు చెడిపోకుండా ఉంటుందని హారిసన్ ఏదో కలపమన్నాడు. సంతకం పెట్టానంతే. కాపర్ వేస్తే ఏమవుతుందో నాకు నిజంగా తెలియదు."

ఉదయ్‌భాస్కర్ రత్నమాణిక్యం వైపు చూశాడు.

"నిజమే చెబుతున్నాడు," అంది ఆమె. "ఈయనకి ఏమీ తెలియదు. కావాలంటే కోర్టులో సాక్ష్యం చెప్తా."

ఆ మాట విన్నాక జోగేశ్వరరావు ఏడుపు కూడా ఆగిపోయింది.

సాయంత్రానికి గుంటలు తవ్వి, బ్లీచింగ్ పౌడరు కలిపి, లారీల్లోని పిల్లనంతా అందులో పోశారు. రైతులు ఒకరి తర్వాత ఒకరు స్టేజి ఎక్కి నల్ల పెట్టెలోకి చూసి దిగుతున్నారు. లైను చాలా పొడుగుంది. ఉదయ్‌భాస్కర్ కూడా అందులో నిలబడి చూశాడు. చిన్న ట్యూబు నిండా నిలకడైన నారింజ వెలుగు.

జనం పల్చబడ్డాక రత్నమాణిక్యం తనూ వంగి కంతలోంచి చూసింది. షెడ్డులో ఒంటరిగా వెయ్యిసార్లు చూసిన వెలుగే. అయినా చాలాసేపు చూసింది. లేచాక కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంది. ట్యూబులు కడిగి, గుడ్డసంచీలో సర్దుకుంది.

"చీఫ్‌తో మాట్లాడానండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్ ఆమె వెనకే గట్టు దిగుతూ. ఊడిపోయిన గడ్డం చేతిలో ఉంది. "అసలు మీకు పద్మశ్రీ రావాలండి."

రత్నమాణిక్యం రోడ్డు అటూ ఇటూ చూసింది.

"ముందు ఆటో రావాలండి. ఏడున్నర బస్సు పోతే రాజమండ్రి దాకా నిలబడే వెళ్లాలి."